యాంగోన్ అణుజీవశాస్త్ర ప్రయోగశాలల్లో పరిశోధక సహాయకులు

మన పాతతరం రంగూన్ అని పిలిచిన యాంగోన్ మయన్మార్‌లో అతి పెద్ద నగరం. 2005లో ప్రభుత్వ కార్యాలయాలు నేపిడాకు తరలిపోయినా, వైద్య పరిశోధన చాలావరకు యాంగోన్‌లోనే నిలిచిపోయింది. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ స్థాయిలో జబ్బులనూ సూక్ష్మజీవులనూ పరిశీలించే అణుజీవశాస్త్ర ప్రయోగశాలలు, అంటే వాడుకలో మాలిక్యులర్ బయాలజీ ల్యాబులు, ఇక్కడ కొద్దిసంఖ్యలోనే ఉన్నాయి. వాటిలో నమూనా చేతికందింది మొదలు ఫలితం పట్టికలోకి ఎక్కేదాకా పని చేసేవారు పరిశోధక సహాయకులు, అందరూ అనే మాటలో రీసెర్చ్ అసిస్టెంట్లు. పరిశోధన పత్రం చదివేవారికి శాస్త్రవేత్తల పేర్లు, శాతాలు, పటాలు కనిపిస్తాయి. ఆ శాతాన్ని నమ్మవచ్చా లేదా అన్నది మాత్రం సహాయకుల బల్ల దగ్గరే తేలిపోతుంది. మయన్మార్ మలేరియా లెక్కల మీద భారతదేశం కూడా ఒక కన్ను వేసి ఉంచక తప్పదు కనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

రంగూన్ శవపరీక్ష గది నుంచి

డీఎన్ఏ అంటే ఏమిటో ఇంకా తెలియని రోజుల్లోనే రంగూన్‌లో సహాయకుల చేతిపనికి గట్టి పునాది పడింది. 1911లో రంగూన్ జనరల్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ రోగనిర్ధారణ వైద్యుడు, సి.ఎస్. కృష్ణస్వామి ఆయన దగ్గర సహాయ వైద్యుడు. శవపరీక్షల్లో ఊపిరితిత్తులు, కాలేయం చీముగడ్డలతో నిండిన మృతులు వీరికి వరసగా ఎదురయ్యారు. వారిలో చాలామంది మార్ఫియా సూదులకు అలవాటుపడ్డ పేదలు. చీములో దొరికిన సూక్ష్మజీవి గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ జబ్బు క్రిమిని పోలి ఉంది. కానీ గ్లాండర్స్ క్రిమి కదలదు, ఇది కదిలింది. పోషక మాధ్యమం మీద దానికంటే దట్టంగా, వేగంగా పెరిగింది. రెండూ ఒకటి కావని తేల్చి, రంగూన్ జనంలో అదివరకు ఎవరూ వర్ణించని అంటువ్యాధి ఉందని ఇద్దరూ కలిసి 1912లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. 1913 నాటికి విట్‌మోర్ 38 మంది రోగుల వివరాలు కూర్చాడు. 1917లో కృష్ణస్వామి ఒక్కడే మరో వ్యాసం రాశాడు. నగరంలో జరిగిన శవపరీక్షల్లో సుమారు 5 శాతం ఈ జబ్బువేనని ఆయన లెక్క. దానికి మెలియాయిడోసిస్ అన్న పేరు తర్వాత 1921లో మలయాలో స్థిరపడింది. క్రిమిని ఈనాడు బర్ఖోల్డేరియా సూడోమాలై అంటారు.

ఆనాటి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బియ్యం బస్తాలు మోసినవారిలో, వీధులు ఊడ్చినవారిలో తెలుగువారు పెద్ద వర్గం. విట్‌మోర్ బల్ల మీదికి వచ్చిన శవాలు ఈ కూలిపేటల నగరానివే. ఆ జబ్బును కనుగొన్న పత్రం మీద సహాయ వైద్యుడి పేరు కూడా ఉండటాన్ని మామూలు విషయంగా తీసుకోకూడదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దానికోసం దోమకు ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్. ఆ పేరు మనకు తెలుస్తున్నది రాస్ చెప్పుకున్నందువల్లే. రాస్ కూడా అంతకుముందు సైనిక వైద్యుడిగా బర్మాలో పనిచేసినవాడే.

సంస్థల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. పిచ్చికుక్క కాటు చికిత్స కోసం 1915లో రంగూన్‌లో పాశ్చర్ సంస్థ మొదలైంది. 1920ల చివర బర్మా గవర్నర్ హార్‌కోర్ట్ బట్లర్ పేరుతో ప్రజారోగ్య సంస్థ వచ్చింది. 1968లో వీటినీ ఇతర ప్రభుత్వ పరీక్షా కేంద్రాలనూ కలిపి జాతీయ ఆరోగ్య ప్రయోగశాలగా చేశారు. అంతకుముందే, 1963లో, బర్మా వైద్య పరిశోధన సంస్థ ఏర్పడింది. ఈనాటి వైద్య పరిశోధన శాఖ అదే. దగోన్ పేటలో, బుద్ధుడి వైద్యుడు జీవకుడి పేరు పెట్టిన వీధిలో ఉంది. మలేరియా, కాలేయవాపు, పాముకాటు, రక్తహీనతలు దీని పాత విషయాలు. పాముల్లో ముఖ్యంగా రక్తపింజరి. డెల్టా వరి పొలాల్లో కోతకూలీల ప్రాణం తీసేది అదే. 2010ల మధ్యలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో అనుబంధమున్న మయన్మార్ ఆక్స్‌ఫర్డ్ క్లినికల్ రీసెర్చ్ యూనిట్ యాంగోన్‌లో పని మొదలుపెట్టింది. సహాయకుల ముందు ప్రభుత్వ ఉద్యోగం, ప్రాజెక్టు కాంట్రాక్టు అని రెండు దారులు ఉన్నాయి.

ఒక్క అక్షరం మారితే

యాంగోన్ ల్యాబుల ప్రాముఖ్యం అర్థం కావాలంటే మలేరియా దగ్గర కాసేపు ఆగాలి. 1950ల చివర థాయిలాండ్-కంబోడియా సరిహద్దులో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మలేరియా కనిపించింది. 1973లో అదే బెడద అస్సాంలో బయటపడింది. 1970ల చివర ఆఫ్రికాకు చేరి, అక్కడ లెక్కలేనంతమంది పసిపిల్లలను మింగింది. ఆ తర్వాత వచ్చిన మందు ఆర్టిమిసినిన్. దానికీ పరాన్నజీవి నెమ్మదిగా లొంగుతోందని 2009లో పశ్చిమ కంబోడియా నుంచి వార్త వచ్చేసరికి పాత కథ మళ్ళీ మొదలైందన్న భయం పుట్టింది. కంబోడియాకూ భారతదేశానికీ మధ్య ఆ దారిలో నిలబడ్డ దేశం మయన్మార్.

2014లో ఈ మొండితనానికి ఒక ఆనవాలు దొరికింది. పరాన్నజీవి 13వ క్రోమోజోములో కెల్చ్13 అనే జన్యువు ఉంది. ల్యాబు భాషలో కే13. దానిలో కొన్నిచోట్ల ఒకే ఒక్క అక్షరం మారితే ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారుతుంది, మందు రక్తంలో ఉన్నా పరాన్నజీవి ఎక్కువసేపు బతికిపోతుంది. కంబోడియా వైపు ఎక్కువగా కనిపించినది 580వ స్థానంలో మార్పు. ఉత్తర మయన్మార్‌లో ఎక్కువగా ఉన్నది 446వ స్థానంలోది. రోగికి మందిచ్చి రోజుల తరబడి రక్తం చూస్తూ కూర్చునే బదులు, ఎండిన రక్తపు చుక్కలోని డీఎన్ఏ చదివితే ఆ ప్రాంతపు పరిస్థితి తెలిసిపోతుంది. అణుజీవశాస్త్రం సరిహద్దు కాపలాకు పనికివచ్చిన సందర్భం ఇది.

2013 జనవరి నుంచి 2014 సెప్టెంబరు దాకా మయన్మార్‌లోనూ, దాన్ని ఆనుకున్న థాయిలాండ్, బంగ్లాదేశ్ అంచుల్లోనూ 55 మలేరియా చికిత్సా కేంద్రాల నుంచి సేకరించిన 940 నమూనాల ఫలితాలు 2015లో లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో వచ్చాయి. 371 నమూనాల్లో, అంటే 39 శాతంలో, కే13 మార్పు ఉంది. సగాయింగ్ ప్రాంతంలోని హోమాలిన్‌లో 45కు 21. హోమాలిన్ నుంచి భారత సరిహద్దు 25 కిలోమీటర్లు మాత్రమే. భారతదేశం అప్పటికే, 2013లో, ఈశాన్య రాష్ట్రాలకు మలేరియా మందుల జోడీని మార్చింది. అక్కడ దెబ్బతిన్నది ఆర్టిమిసినిన్ కాదు, దానికి జతగా ఇచ్చే పాత మందు. ఏ జోడీ ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఇటువంటి లెక్కలే ఆధారం. ఆర్టిమిసినిన్ కుటుంబానికి చెందిన మాత్రలు మన అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల్లోనూ వాడుతున్నారు. వాటి సత్తా ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు కొంత హోమాలిన్ రక్తపు చుక్కల్లో ఉంది.

940 అన్న అంకె వెనుక 940 కాగితపు ముక్కలు ఉన్నాయి. వాటిలో ఏ రెండూ తారుమారు కాకుండా చూడటమే సహాయకుల అసలు పని.

బల్ల దగ్గర

ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త వేలికొస గుచ్చి, మందమైన వడపోత కాగితం మీద మూడు నాలుగు చుక్కలు వేస్తాడు. నీడలో ఆరబెట్టి, ఒక్కో కాగితాన్ని ఒక్కో జిప్ సంచిలో పెడతాడు, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం. ఏటా సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన కురిసే యాంగోన్‌లో, అందులో అధికభాగం మే నుంచి అక్టోబరు దాకానే పడుతుంది కాబట్టి, సంచి చేతికి రాగానే సహాయకురాలు ముందు చూసేది పొట్లం రంగు. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తేమ చేరిందని గుర్తు. కొత్త పొట్లం పెట్టాలి, కాగితానికి బూజు పట్టిందేమో వెలుతురులో చూడాలి, ఆ సంగతి పుస్తకంలో రాయాలి. తర్వాత కాగితం మీది నంబరు, సంచి మీది నంబరు, రిజిస్టరులోని నంబరు మూడూ కలుస్తున్నాయా అని సరిచూడాలి. కలవకపోతే ఊహించి సరిదిద్దకూడదు. ఆ నమూనాను పక్కన పెట్టి పైవారికి చెప్పాలి.

ఎండిన చుక్క నుంచి 3 మిల్లీమీటర్ల బిళ్ళను పంచ్‌తో కత్తిరిస్తారు. చూడటానికి బడిపిల్లల పనిలా ఉంటుంది గానీ ల్యాబులో పొరపాటుకు ఎక్కువ చోటున్న దశ ఇదే. పంచ్ అంచుకు అంతకుముందు రోగి రక్తపు పొడి కంటికి కనిపించనంత అంటుకున్నా, తర్వాతి రోగి గొట్టంలోకి అది చేరుతుంది. అందుకే ఒక్కో నమూనా తర్వాత రక్తం లేని తెల్ల కాగితాన్ని కొన్నిసార్లు పంచ్ చేసి అంచును శుభ్రం చేస్తారు. ఆ తెల్ల బిళ్ళల్లో ఒకదాన్ని దాచి, దాన్ని కూడా ఒక నమూనాగా నంబరు వేసి చివరిదాకా నడిపిస్తారు. చివర దానిలో మలేరియా డీఎన్ఏ కనిపించిందంటే ఆ రోజు చేసిన వరసంతా అనుమానమే. ఈ ఖాళీ బిళ్ళను పెట్టడం ఎవరూ బయట నుంచి కనిపెట్టలేని నిజాయితీ. అది లేని ఫలితం ఎంత అందంగా ఉన్నా దాన్ని ఫలితం అనడానికి నాకు మనసొప్పదు.

తర్వాత డీఎన్ఏను విడదీయాలి. ప్రొటీనేజ్ కే అనే ఎంజైము వేసి 56 డిగ్రీల దగ్గర ఉంచితే కణాల ప్రొటీన్లు కరుగుతాయి. సిలికా పొర ఉన్న చిన్న గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే డీఎన్ఏ పొరకు అంటుకుంటుంది, మిగిలినది కిందికి దిగిపోతుంది. రెండుసార్లు కడిగి, చివర కొద్ది మైక్రోలీటర్ల ద్రవంలోకి దాన్ని దింపుతారు. ప్రతి గొట్టం మూత మీద నంబరు చేత్తోనే రాయాలి. ఆల్కహాలు తగిలితే చెరిగిపోని పెన్ను కావాలి.

అసలు ఘట్టం పీసీఆర్, అంటే కావలసిన జన్యుభాగాన్ని నకళ్ళు తీసి పెంచే పద్ధతి. ఇద్దరు కాపలాదారుల్లాంటి ప్రైమర్లు తమకు కావలసిన జన్యుభాగాన్ని రెండు వైపులా పట్టుకుంటాయి. టాక్ ఎంజైము దాన్ని నకలు చేస్తుంది. యంత్రం సుమారు 95 డిగ్రీలకు వేడెక్కి పోగులను విడదీస్తుంది, 50, 60 మధ్యకు చల్లారి ప్రైమర్లను అంటిస్తుంది, 72 దగ్గర నకలు పూర్తి చేయిస్తుంది. ఒక్కో చుట్టుకు రెట్టింపు అయితే, 35 చుట్ల తర్వాత ఒక్క అణువు నుంచి లెక్కప్రకారం 3,400 కోట్లకు పైగా నకళ్ళు రావాలి. ఇంత పెంచగల శక్తే దీని ప్రమాదం. నిన్నటి నకళ్ళు గాలిలో తేలి ఈ రోజు గొట్టంలో ఒక్కటి పడినా చాలు. అందుకే మందులు కలిపే గది వేరు, డీఎన్ఏ చేర్చే చోటు వేరు, నకళ్ళు తెరిచే గది వేరు. మనిషి మొదటి గది నుంచి మూడో గదికే పోవాలి, ఆ రోజుకు వెనక్కి రాకూడదు. చోటు చాలని ల్యాబుల్లో గదికి బదులు మూసిన పెట్టెలు, వేరువేరు కోట్లు, వేరువేరు పిపెట్లతో సర్దుకుంటారు. బల్లలను పలుచని బ్లీచింగ్ ద్రావణంతో తుడుస్తారు. కే13 కోసం రెండు విడతల పీసీఆర్ చేయడం మామూలు. మొదటి విడత గొట్టాన్ని తెరిచి రెండో విడతకు తీసుకుపోవలసి రావడంతో జాగ్రత్త కూడా రెట్టింపు కావాలి.

అగరోజ్ జెల్ మీద నకళ్ళను పరిగెత్తిస్తారు. అతినీలలోహిత కాంతిలో గీతలు వెలుగుతాయి. పక్కన తెలిసిన పొడవులున్న డీఎన్ఏ ముక్కల నిచ్చెన ఉంటుంది. గీత సరైన ఎత్తులో ఉందా, ఖాళీ బిళ్ళ వరస నల్లగానే ఉందా అని చూసి, ఫొటో తీసి, అంటించి, తేదీ వేసి సంతకం పెడతారు. అక్షరాలు చదివే పనికి, అంటే సీక్వెన్సింగ్‌కు, చాలాకాలం నమూనాలు బయటి దేశాలకు పంపవలసివచ్చేది. ఫలితం వారాల తర్వాత ఫైలుగా వస్తుంది. అప్పుడు పాత పుస్తకం తెరిచి ఫలానా గొట్టం ఫలానా ఊరిదని చెప్పవలసింది మళ్ళీ సహాయకులే.

ఇతర జబ్బులు

రక్తంలోని పరాన్నజీవిని చంపినంత మాత్రాన సరిపోదు. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుని మళ్ళీ లేస్తుంది. దాన్ని వెళ్ళగొట్టే ప్రైమాక్విన్ మాత్ర జీ6పీడీ ఎంజైము తక్కువున్నవారి ఎర్రకణాలను పగలగొడుతుంది. మయన్మార్‌లో ఎక్కువగా కనిపించే మహిడోల్ రకం జీ6పీడీ లోపం కూడా ఒక్క అక్షరం మార్పే. దాన్ని పీసీఆర్‌తో గుర్తించవచ్చు.

క్షయకు చాలా ల్యాబుల్లో జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం ఉంది. కఫం నింపిన కార్ట్రిడ్జ్‌ను అందులో పెడితే రెండు గంటల్లోపు రెండు జవాబులు వస్తాయి: క్షయ ఉందా, రిఫాంపిసిన్ పనిచేస్తుందా. మొండి క్షయ ఎక్కువగా ఉన్న దేశాల ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో మయన్మార్ ఉంది, భారతదేశమూ ఉంది.

మెలియాయిడోసిస్ సంగతి మరీ విచిత్రం. పుట్టినూరులోనే ఆ జబ్బు దశాబ్దాలపాటు వైద్య సాహిత్యంలో దాదాపు కనుమరుగైంది. జబ్బు తగ్గిపోయి కాదు, గుర్తించే ల్యాబులు కరవై. ఈ శతాబ్దంలో మయన్మార్ రోగుల్లో, పొలాల మట్టిలో మళ్ళీ అది దొరికింది. వానకాలంలో, మధుమేహం ఉన్నవారిలో, తడి నేలలో పనిచేసేవారిలో ఎక్కువ. సహాయకులు గుంట తవ్వి మట్టి తీయడం, ప్రత్యేక అగర్ మీద పెంచడం, ముడతలు పడిన ఊదారంగు మచ్చలను గుర్తుపట్టడం, క్రిమికే ప్రత్యేకమైన జన్యుభాగాన్ని పీసీఆర్‌లో చూడటం, ఇవన్నీ నేర్చుకోవాలి. గాలి ద్వారా కూడా సోకగల క్రిమి కనుక రక్షణ పెట్టె బయట దాని మూత తెరవకూడదు.

కరెంటు, చల్లదనం, సరుకు

ఎంజైములు మైనస్ 20 డిగ్రీల పెట్టెలో, ఆర్ఎన్ఏ నమూనాలు మైనస్ 80లో ఉండాలి. పొద్దున రాగానే, సాయంత్రం వెళ్ళేముందు ఒక్కో ఫ్రీజర్ తలుపు మీది కాగితంలో ఉష్ణోగ్రత రాయడం ల్యాబులో అన్నిటికన్నా చిన్న పని, ఎగ్గొట్టడానికి అన్నిటికన్నా వీలైన పని. యాంగోన్‌లో దానికున్న విలువ ఇంకెక్కడా ఉండదేమో. 2022 నుంచి నగరానికి కరెంటు పేటలవారీగా వంతులు వేసి ఇస్తున్నారు. రోజులో చాలా గంటలు ఉండదు. జెనరేటరుకు డీజిల్ కావాలి, యూపీఎస్ బ్యాటరీలు కొన్నాళ్ళకు చచ్చిపోతాయి. పీసీఆర్ నడిచేది రెండు మూడు గంటలు. కరెంటు వచ్చే వేళ చూసుకుని పని మొదలుపెట్టడం, మధ్యలో పోతే ఏ గొట్టాలు పనికొస్తాయో ఏవి పారేయాలో తేల్చుకోవడం సహాయకుల నిత్యకృత్యం. ఎంజైమును కాసేపే బయట ఉంచేలా ముందే చిన్నచిన్న వాటాలుగా పంచిపెట్టుకుంటారు. ఒక వాటా పాడైతే మిగిలినవి దక్కుతాయి.

రసాయనాలన్నీ దాదాపు దిగుమతులే. ఆర్డరు, లైసెన్సు, విమానం, కస్టమ్స్ అన్నీ దాటి పొడిమంచు కరిగిపోకముందే ల్యాబుకు చేరాలి. 2021కి ముందు డాలరుకు సుమారు 1,300 చాట్‌లు ఉండేది. 2022 ఆగస్టులో ప్రభుత్వం 2,100 అని కట్టడి చేసింది, బయటి బజారులో ధర అంతకు చాలా పైన. ప్రాజెక్టుకు నిర్ణయించిన డబ్బు అంతే ఉండగా పరీక్షా కిట్‌ల ధర పెరిగితే పరీక్షించే నమూనాల సంఖ్య తగ్గుతుంది. ఏ నమూనాలు వదిలేయాలన్న నిర్ణయం పైవారిది. ఒక్క కిట్‌తో 50 పరీక్షలకు బదులు ఇంకెన్ని చేయగలమో లెక్క కట్టేది సహాయకులు. కిట్ తయారీదారు చెప్పిన కొలతను తగ్గించి వాడాలనుకుంటే, ముందు తెలిసిన నమూనాల మీద రెండు పద్ధతులూ పక్కపక్కన నడిపి చూపాలి. ఇలా చూపించి రాసిపెట్టిన ల్యాబుకూ, ఊరకే పొదుపు చేసిన ల్యాబుకూ మధ్య నమ్మకంలో చాలా తేడా.

ఉద్యోగం

సహాయకుల్లో ఎక్కువమంది జీవరసాయనం, జంతుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం చదివినవారు, లేదా యాంగోన్ వైద్య సాంకేతిక విశ్వవిద్యాలయం పట్టభద్రులు. ఎంబీబీఎస్ చదివి పరిశోధన వైపు వచ్చినవారూ ఉన్నారు. మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో జేఆర్ఎఫ్‌తోనో (జూనియర్ రీసెర్చ్ ఫెలో) ప్రాజెక్టు అసిస్టెంటుతోనో పోల్చుకోవచ్చు. ఒక తేడా ఉంది: జేఆర్ఎఫ్ ముందు పీహెచ్‌డీ దారి స్పష్టంగా ఉంటుంది, యాంగోన్ సహాయకులకు ఆ దారి తరచుగా బ్యాంకాక్ మహిడోల్ విశ్వవిద్యాలయం మీదుగానో, జపాన్, కొరియా ఉపకారవేతనాల మీదుగానో పోతుంది. భారతదేశంలో రీసెర్చ్ అసోసియేట్ అంటే సాధారణంగా పీహెచ్‌డీ అయ్యాక వచ్చే పదవి, దీన్ని దానితో కలిపి చూడకూడదు.

బల్ల దగ్గర ఆడవారు ఎక్కువ. పైవారిని 'సయా', ఆడవారైతే 'సయామా' అంటారు. గురువుకూ, వైద్యుడికీ, పై అధికారికీ అదే పిలుపు. ఆ మర్యాద పనిని సాఫీగా నడిపిస్తుంది, నిజమే. కానీ సయామా చేసిన లెక్కలో తేడా కనిపించినప్పుడు చిన్న ఉద్యోగి నోరు విప్పడం కష్టమవుతుంది. మంచి ల్యాబుల్లో దీనికి విరుగుడు ఒకటే: ఒకరు కలిపిన మందును ఇంకొకరు సరిచూసి సంతకం చేసే నియమం అందరికీ, సయామాకు కూడా. అప్పుడు అడగడం అవిధేయత కాదు, డ్యూటీ అవుతుంది.

పద్ధతుల పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. కాబట్టి కొత్తగా చేరినవారు మొదట నేర్చుకునేది చూసి, పక్కన నిలబడి. కొన్నాళ్ళు నీళ్ళతోనూ రంగుతోనూ పిపెట్ పట్టించి, తూకం వేసి చూస్తారు. ఒక మైక్రోలీటరు నీరు ఒక మిల్లీగ్రాము తూగాలి. ఆ తూకం నిలకడగా వచ్చాకే రోగి నమూనాను ముట్టనిస్తారు. రోగి అంగీకారపత్రం లేని నమూనాను ఏ పరీక్షకూ వాడకూడదన్నది కూడా తొలి పాఠాల్లోనే ఉంటుంది. మలేరియా కోసమని తీసిన రక్తంలో రోగి జన్యువులు చదవాలంటే నైతిక సమీక్షా సంఘం అనుమతి విడిగా ఉండాలి.

పత్రాల మీద పేరు విషయంలో స్థిరమైన ఆచారం లేదు. కొన్నిచోట్ల రచయితల వరసలో ఉంటారు, కొన్నిచోట్ల చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం, కొన్నిచోట్ల అదీ లేదు. పదుల సంఖ్యలో రచయితలున్న పత్రాలు వచ్చే ఈ కాలంలో నమూనాలన్నీ చేత్తో నడిపినవారికి చోటు లేదనడం చెల్లదు.

2020 తర్వాత

కొవిడ్ మొదట్లో మయన్మార్ నమూనాలు పరీక్షకు బ్యాంకాక్ వెళ్ళేవి. 2020 ఫిబ్రవరిలో యాంగోన్‌లోని జాతీయ ఆరోగ్య ప్రయోగశాల సొంతంగా పరీక్ష మొదలుపెట్టింది; మార్చి 23న మొదటి కేసులు బయటపడ్డాయి. కొద్ది వారాల్లో వైద్య పరిశోధన శాఖ కూడా పరీక్షలకు దిగింది. మలేరియాకు, కాలేయవాపుకు అలవాటుపడ్డ చేతులే కొవిడ్ ఆర్ఎన్ఏ వైపు తిరిగాయి. రాత్రింబవళ్ళు షిఫ్టులు నడిచాయి. దేశానికి తన ల్యాబు సహాయకులు ఎవరో మొదటిసారి తెలిసింది అప్పుడే.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యులు, నర్సులు శాసనోల్లంఘనం మొదలుపెట్టారు. ల్యాబు ఉద్యోగులు కూడా అందులో కలిశారు. కొవిడ్ పరీక్షలు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ ఏడాది జూన్, జూలైలో డెల్టా అల వచ్చినప్పుడు పరీక్షించే చేతులు చాలక, ఎంతమందికి సోకిందో లెక్కే దొరకలేదు. ఉద్యోగం వదిలిన వారిలో కొందరు జైలుపాలయ్యారు, కొందరు సరిహద్దు దాటారు, కొందరు ప్రైవేటు డయాగ్నొస్టిక్ కేంద్రాల్లో చేరారు. పదేళ్ళపాటు పోగైన నైపుణ్యం ఇలా చెల్లాచెదురైంది. దాన్ని పరికరాలు కొని తిరిగి తెచ్చుకోలేము.

2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టం అమల్లోకి వచ్చింది: మగవారికి 18 నుంచి 35, ఆడవారికి 18 నుంచి 27, వైద్యుల వంటి వృత్తినిపుణులకు వయసు పరిమితి ఇంకా ఎక్కువ. పరిశోధక సహాయకులు ఉండేది ఇదే వయసులో. శిక్షణ పూర్తయిన మనిషి వచ్చే నెల ఉంటాడో ఉండడో తెలియని స్థితిలో, ల్యాబులు ఒక్కో పనిని కనీసం ఇద్దరికి నేర్పిస్తున్నాయి. థాయిలాండ్ వైపు 1986లో మొదలై ఇప్పుడు మేసోత్ కేంద్రంగా నడుస్తున్న షోక్లో మలేరియా పరిశోధనా కేంద్రం వంటి చోట్ల సరిహద్దు జనం మలేరియా పని సాగుతోంది.

ఈలోగా మలేరియా తిరగబెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో మయన్మార్‌లో కేసులు సుమారు 78 వేలు; 2022లో సుమారు 5 లక్షల 84 వేలు. యుద్ధం జరుగుతున్న ప్రాంతాలూ, మలేరియా పెరుగుతున్న ప్రాంతాలూ, కే13 మార్పు ఎక్కువగా కనిపించిన ప్రాంతాలూ చాలావరకు ఒకటే. సగాయింగ్ వాటిలో ఉంది. అక్కడి నుంచి వడపోత కాగితం యాంగోన్ చేరాలంటే ఇప్పుడు దారిలో చాలా చెక్‌పోస్టులు. చేరిన కాగితానికి సిలికా పొట్లం మార్చి, నంబరు సరిచూసి, ఖాళీ బిళ్ళతో పాటు నడిపించే పని మాత్రం అదే పద్ధతిలో జరగాలి. హోమాలిన్ అవతల సరిహద్దు దాటితే వచ్చే ఊళ్ళు మణిపూర్, నాగాలాండ్‌లవి.